మీసం అతుక్కున్న బొంత

మా మేనత్తను ఊళ్ళో అందరూ సూదులమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆవిడే పక్కకు తిరిగి చూస్తుంది.

ఆవిడ బొంతలు కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఎదురింటి దర్జీ ఊడ్చి పారేస్తున్న గుడ్డముక్కలు చూసి, అయ్యో ఎంత మంచి రంగులు అనుకుని ఒక సంచీడు తెచ్చుకుందట. ఆ ముక్కలతో కుట్టిన మొదటి బొంత ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి అయింది. కప్పుకుంటే ఒక కాలు బయటికి వచ్చేది. ఆ కాలు మావయ్యదే. అప్పటినుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడ చేతిలో సూదీ దారం ఉంటూనే ఉన్నాయి. ఇప్పుడు పక్క ఊళ్ళనుంచి కూడా అడిగి కుట్టించుకుంటారు.

బొంతంటే మూడు పొరలు. పైన రంగురంగుల ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో పల్చటి దూది పొర, అడుగున సాదా గుడ్డ. మూడూ కలిపి మిషను మీద కుడితే బొంత అయిపోతుంది. వినడానికి ఇంతే. చేతిలోకి తీసుకుంటే గానీ తెలియదు, ఆ మూడు పొరలకూ ఒకదానికొకటి పడదని. పైది ఇటు లాగితే కిందది అటు జారుతుంది. మధ్యలో దూది ఎవరి పక్షమూ తీసుకోకుండా ఒక మూలకు పోయి ముద్దకట్టి కూర్చుంటుంది. అందుకని మిషను ఎక్కించేలోపు వాటిని కదలకుండా పట్టి ఉంచాలి. కొందరు పెద్దపెద్ద టాకాలు వేసి, తర్వాత ఊడదీస్తారు. మా అత్తయ్యకు అంత ఓపిక లేదు. గుండుసూదులు గుచ్చేది. బొంత ఒక్కింటికి మూడు వందలకు తక్కువ కాకుండా.

ఈ గుచ్చుడంతా ముందుగదిలో నేల మీద జరిగేది. ఇంట్లో అంత చోటు మరెక్కడా లేదు. బల్లా కుర్చీలూ గోడకు తోసేసి, బొంత పరిచి, అరవైకి దగ్గరపడ్డ మనిషి పది నెలల పాపలా దాని మీద పాకుతూ ఉండేది. వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని బల్లుల్లా పక్కపక్కగా జరుగుతూ లోపలికి రావాలి. వచ్చాక కూర్చోవాలంటే ధైర్యం కావాలి. గుచ్చిన సూదులన్నీ తిరిగి డబ్బాలోకి చేరవు కదా. తువ్వాల్లో ఒకటి, కాళ్ళు తుడుచుకునే పట్టాలో ఒకటి, దిండు అంచులో రెండు. మీటరు చూసే ఆయన గడప దాటేవాడు కాదు, బయటినుంచే "అంకె ఎంతుందో మీరే చూసి చెప్పండమ్మా" అని అరిచేవాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకాయన ఒక్కసారి వచ్చి కూర్చున్నాడు. లేచినవాడు మళ్ళీ రాలేదు. "సూదులవల్ల ఆ మేలు మాత్రం జరిగింది," అంటుంది అత్తయ్య.

మావయ్య పోస్టాఫీసులో పనిచేశాడు. కౌంటర్లో కూర్చుని ముప్పై నాలుగేళ్ళు స్టాంపులు అమ్మాడు, అతికించాడు, ముద్రలు గుద్దాడు. ఊళ్ళో స్టాంపుల మాస్టారంటే ఆయనే. తెల్ల చొక్కా, ఒత్తుగా రెండు వైపులా సమానంగా దువ్విన మీసం. రిటైరయ్యాక ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. అత్తయ్య వెనకాలే తిరుగుతూ, "ఆ ఎరుపు పక్కన ఈ పసుపేమిటి?", "దారం అలా కాదు తెంచేది" అని సలహాలిచ్చేవాడు. సలహా ఇచ్చి పోయి కూర్చునేవాడు. కూర్చున్నచోట సూది ఉండేది.

అలా ఒక ఏడాదిలో మూడోసారి గుచ్చుకున్నాక నేనే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రెండు వీధుల అవతలే ఉంటాను కాబట్టి ఇలాంటి పనులన్నీ నావే.

నర్సు ఆయన్ని చూడగానే, "మళ్ళీ మీరేనా?" అంది. "పోయినసారి వేసిన ఇంజెక్షను ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పూతమందు రాసిస్తాను, చాలు. కూర్చోండి."

"నిలబడతాను," అన్నాడు మావయ్య.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పకుండా మిషను ఎదుట నిలబడ్డాడు.

"చూడూ, ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ సూదులైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చు."

అత్తయ్య మిషను ఆపింది. సూదుల డబ్బా వైపు చూసింది. మావయ్య వైపు చూసింది. మళ్ళీ డబ్బా వైపు చూసింది.

"ఏమిటి, ఆలోచిస్తున్నావా?" అన్నాడు మావయ్య.

"ఉండండి మరి. గబుక్కున చెప్పమంటే ఎలా?"

ఆ ఆలోచన ఎటు తేలేదో గానీ, మర్నాడు పైవాటా టీచరు దిగి వచ్చి సంగతి మార్చేసింది. ఆవిడ చిన్నపిల్లల బళ్ళో బొమ్మలు చెయ్యడం నేర్పుతుంది. ఏదో గుడ్డసంచీ బాగుచేయించుకుందామని వచ్చింది. చీర కుచ్చిళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టముక్కలా ఉన్నాయి.

"అయ్యో, చీర పాడైపోయిందే!" అంది అత్తయ్య.

"ఏం పాడవదండీ. పిల్లల జిగురే. నీళ్ళలో పెడితే మొత్తం పోతుంది. మా క్లాసులో ఒకడు రోజూ కొంచెం తింటాడు కూడా. బాగానే ఎదుగుతున్నాడు."

అత్తయ్య ఆ కుచ్చిళ్ళను పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. టీచరే ముందుకొచ్చింది గానీ కుచ్చిళ్ళు విడలేదు. ఆ క్షణంలో అత్తయ్య మొహం వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఆ సాయంత్రానికల్లా ఒక సీసా తెప్పించి, మావయ్య రుమాళ్ళు రెండు తీసుకుని ఒకదానికొకటి అతికించి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. చెరొకవైపు పట్టుకుని నేనూ ఆవిడా లాగాం. ఊహూ. బకెట్లో పడేసి కాసేపాగి చూస్తే దేనికదే తేలుతున్నాయి. జిగురున్న జాడ కూడా లేదు.

"సూదులక్కర్లేదే!" అని అత్తయ్య నన్ను వాటేసుకుంది. ఆ సంబరంలోనూ ఆవిడ రవికెలో ఉన్న సూది ఒకటి నా భుజానికి గుచ్చుకుంది.

మొదటి బొంతకు ఆవిడ జిగురు పొయ్యడం గోడకు సున్నం కొట్టినట్టు పోసింది. మొత్తం అయిదు సీసాలు. ఆరేసరికి బొంత కాస్తా చెక్క తలుపయింది. మిషను మీద పెడితే సూదులు పటపటా మూడు విరిగాయి. విసుగొచ్చి దాన్ని గుమ్మం పక్కన గోడకు ఆనించి నిలబెడితే బుద్ధిగా నిలబడింది. మావయ్య నిద్రకళ్ళతో గదిలోంచి వచ్చి, ఎవరో పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడనుకుని, "రండి, కూర్చోండి" అన్నాడు. అది కూర్చోకపోయేసరికి, ఇన్నాళ్ళకు ఈ ఇంటి సంగతి తెలిసిన మనిషి వచ్చాడనుకుని ఇంకేమీ అనలేదు.

కళ్ళజోడు పెట్టుకుని చూశాక మాత్రం ఆయనకు కోపం వచ్చింది. బొంత మీద కాదు, పనితనం మీద.

"ఎవరు పూశారు ఈ జిగురు?"

"నేనే. ఏం?"

"జిగురు గురించి నీకేం తెలుసని పూశావ్? ఎక్కువ పూస్తే పట్టు ఎక్కువుంటుందనుకున్నావా? ముప్పై నాలుగేళ్ళు నేను స్టాంపులు అతికించాను. ఒక్కటంటే ఒక్కటి ఊడిందని ఎవడైనా కంప్లయింటు చేశాడా? సన్నగా పుయ్యాలి. అంచు వదిలెయ్యాలి. సరిగ్గా పెట్టి, ఒత్తి, పట్టుకోవాలి. తొందరపడకూడదు. లే, పక్కకు లే."

ఆ రోజునుంచి జిగురు పని మావయ్యది. పొద్దున పది కొట్టగానే తెల్ల చొక్కా వేసుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని నేల మీద హాజరయ్యేవాడు. ముందు అడుగుగుడ్డ పరిచి, దాని మీద జానెడు జానెడు దూరంలో దారమంత సన్నటి గీతలు గీసేవాడు. పైన దూది పొర పరిచి, అరచేత్తో సర్ది, పిడికిలితో ముద్రలు గుద్దినట్టు ఠపాఠపా గుద్దేవాడు. ఆ తర్వాత అతుకుల గుడ్డను బోర్లా పరిచి, దాని వెనకవైపు అలాగే గీతలు గీసి, తిప్పి దూది మీద వేసి మళ్ళీ గుద్దేవాడు. చివర ఇస్త్రీ. ఒంటిగంటకు చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. సగం గీతలో ఉన్నా సరే.

"ఆ ఒక్క మూలా పూర్తి చెయ్యొచ్చుగా?" అని అత్తయ్య అడిగితే, "రెండింటికి రండి," అనేవాడు.

కానీ పని మాత్రం అద్భుతం. మిషను మీద బొంత వెన్నలా జారిపోయేది. ముడత లేదు, జారుడు లేదు. కుట్టడం అయ్యాక ఒక్కసారి నీళ్ళలో ముంచితే జిగురంతా పోయి దూదిలా మెత్తగా వచ్చేది. అత్తయ్య ఆయన ఎదుట మెచ్చుకునేది కాదు. నన్ను మాత్రం వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పింది.

"ఇన్నేళ్ళకు మీ మావయ్యకు నాతో పని పడింది. రోజంతా గొణుగుతాడు, అనుక్షణం తగువే. కానీ ఏమిటో, పదవుతుంటే ఆయన కోసం నేనే గడియారం చూస్తున్నాను."

ఇలా బండి నడుస్తుండగా బ్యాండు మాస్టరు భార్య వచ్చింది. పెద్ద మూట మోసుకుని, వీధి అటూ ఇటూ చూసి, దొంగలా లోపలికి దూరింది. మూట విప్పితే ఎర్ర కోట్లు. నిప్పులాంటి ఎరుపు, చేతుల మీద బంగారు జరీ పట్టీలు, ఇత్తడి బొత్తాలు.

"మావారు వచ్చే నెల మొదటి ఆదివారం బ్యాండు వదిలేస్తున్నారండీ. ఇరవై ఆరేళ్ళు వేసుకున్న కోట్లు ఇవి. అటక మీద పడున్నాయి. వీటితో బొంత కుట్టి ఆ రోజు ఇద్దామని. ఆయనకు చెప్పలేదు. చూడగానే ఆశ్చర్యపోవాలి."

"ఉతికినవేనా?" అంది అత్తయ్య. ఏ గుడ్డయినా ఉతికాకే కత్తెర పెట్టాలన్నది ఆవిడ మొదటి నియమం.

"ఉతికినవేనండీ," అంది ఆవిడ. బ్రష్షుతో దులపడం కూడా ఆవిడ దృష్టిలో ఉతకడమేనని మాకు అప్పుడు తెలియదు.

అత్తయ్య ఎర్ర ముక్కల మధ్య తెల్ల పట్టీలు వేసి, జరీలను అంచులకు తిప్పి, బొత్తాలు మూలలకు కుట్టి, పది రోజుల్లో అతుకుల గుడ్డ తయారుచేసింది. మంచి రాజసంగా వచ్చింది. ఒక శనివారం పొద్దున అడుగుగుడ్డా దూదీ అతికించడం అయిపోయింది. ఇక పైది మిగిలింది. దారం రీళ్ళు కొనడానికి నేనూ అత్తయ్యా బజారుకు వెళ్ళాం. "మీరొచ్చేసరికి దీని సంగతి చూస్తాను," అన్నాడు మావయ్య, ఎర్ర గుడ్డను నేల మీద బోర్లా పరుస్తూ. ఆ రోజు ఉక్కగా ఉందని చొక్కా కూడా విప్పేసి బనీనూ పైజామాతో కూర్చున్నాడు. ఆఫీసు నియమం తప్పడం అదే మొదటిసారి. బహుశా అందుకే అలా అయిందని ఆయన ఇప్పటికీ అంటాడు.

రోజూ ఒక చివరనుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ గీతలు గీసే మనిషి, ఆ రోజు కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాలుగు అంచులూ ముందు గీసి, చుట్టూ తిరుగుతూ లోపలికి, ఇంకా లోపలికి. చక్రంలా గీసుకుంటూ పోయి పోయి, నడిమధ్యకు చేరాక తలెత్తి చూశాడు. నాలుగు వైపులా తడి జిగురు. కాలు పెట్టడానికి చోటు లేదు.

సరే, ఆరేదాకా కూర్చుందామనుకున్నాడు. కూర్చున్నాడు. మోకాళ్ళు లాగితే ఒక పక్కకు ఒరిగాడు. ఒరిగితే నడుముకు హాయిగా ఉంది. చల్లటి నేల, పైన ఫ్యాను.

మేము వచ్చేసరికి మావయ్య గుడ్డ మధ్యలో పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని గురక పెడుతున్నాడు. జిగురు శుభ్రంగా ఆరిపోయింది.

"ఏవండీ!"

ఆయన ఉలిక్కిపడి లేవబోయాడు. ఆయనతోపాటు ముందుగది మొత్తం లేచింది. పైజామా కుడివైపంతా, బనీను సగం, మీసం కుడి సగం గుడ్డకు అతుక్కుపోయి ఉన్నాయి.

"అబ్బబ్బ, మీసం, మీసం!" అని మళ్ళీ పడుకున్నాడు.

అత్తయ్య నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"నవ్వండి, నవ్వండి. చూశావా, పట్టంటే ఇదీ," అన్నాడు మావయ్య నేల మీదనుంచి. ఆ స్థితిలో కూడా ఆయన గొంతులో గర్వం ఉంది.

"నీళ్ళు పోస్తే వచ్చేస్తుంది, ఉండండి," అని అత్తయ్య చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నిండా నీళ్ళు ముంచుకుని గుమ్మంలోకి వచ్చిందో లేదో, వీధిలోంచి పెద్ద గొంతు వినిపించింది. బ్యాండు ముందు నడిచి నడిచి ఖంగుమనే గొంతు.

"సూదులమ్మగారున్నారా? నా కోట్లు మీ దగ్గరికేమైనా వచ్చాయా?"

బ్యాండు మాస్టరే. అటక ఎందుకో ఎక్కాడు, కోట్లు కనపడలేదు. చాకలి కొట్టుకు వెళ్ళాడు, దర్జీని అడిగాడు, మిగిలింది మేమే.

అత్తయ్య చెంబు నా చేతిలో పెట్టి, ఆవిడ వయసుకు నేనెప్పుడూ చూడని వేగంతో ఎర్ర గుడ్డ అంచు పట్టుకుంది. "మాట్లాడారో చంపేస్తాను," అని మావయ్య చెవిలో చెప్పి, ఆయన్ని లోపల పెట్టి చాపలా చుట్టేసింది. ఎరుపు కనపడకుండా పైన ఒక దుప్పటి కప్పి గోడవైపుకు దొర్లించింది. ఆయన దొర్లుతూ "అమ్మా, అయ్యా" అన్నాడు గానీ ఆ కేక గుడ్డలోనే ఇమిడిపోయింది.

బ్యాండు మాస్టరు లోపలికి వచ్చాడు. ఎత్తూ లావూ సమానంగా ఉన్న మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని గదంతా కలయజూశాడు.

"కోట్లా? ఏ కోట్లండీ?" అంది అత్తయ్య.

"ఎర్ర కోట్లమ్మా. ఇరవై ఆరేళ్ళ కోట్లు. అవి కనపడకపోతే నా ఒంటి మీద చర్మం పోయినట్టుంది." ఆయనకు ఆయాసం వచ్చింది. అందరి ఇళ్ళల్లో కూర్చున్నట్టే ఇక్కడా కూర్చుందామని చుట్టూ చూశాడు. పాపం, కుర్చీల మీద కూర్చోకూడదని ఎవరో చెప్పి ఉంటారు. మెత్తగా ఉంటుందని ఆ చుట్ట మీద కూర్చున్నాడు.

చుట్ట కెవ్వుమంది.

ఆయన ఎగిరి నిలబడ్డాడు. దుప్పటి జారింది. చుట్ట తనంతట తానే ఒక పల్టీ కొట్టి, విప్పుకుంది. మావయ్య తలకాయ బయటికి వచ్చింది. తల చుట్టూ ఎర్ర గుడ్డ, చెవి పక్కన బంగారు జరీ, నుదుటి దగ్గర ఇత్తడి బొత్తం.

"స్టాంపుల మాస్టారూ?" అన్నాడు బ్యాండు మాస్టరు.

"నమస్కారమండీ," అన్నాడు మావయ్య. "లేచి నిలబడలేను, ఏమీ అనుకోవద్దు."

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. అత్తయ్య జరిగిందంతా చెప్పేసింది. ఆయన భార్య మూట తేవడం, ఆదివారం సంగతి, జిగురు, మీసం. బ్యాండు మాస్టరు నేల మీద కూర్చుని, గుడ్డ అంచు తిప్పి చూశాడు. ఒక ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇది మొదటి కోటు. మెడ దగ్గర కాస్త బిగుతుగా ఉండేది. మొదటి రోజే బాకా తప్పు వాయించాను." ఇంకో ముక్క. "ఇది గుర్రం కొరికింది, చూడండి, అతుకు." మూడో ముక్క కోసం వంగాడు. అది మావయ్య మోకాలి కింద ఉంది. "కొంచెం జరగండి సార్."

"జరగలేనండీ."

బ్యాండు మాస్టరు కళ్ళు తడిగా ఉన్నాయి. అది చూసి అత్తయ్య, నా చేతిలో చెంబు తీసుకుంటూ, "ఉండండి, ఈయన్ని విడిపించేస్తాను. తీరిగ్గా చూద్దురుగాని," అంది.

"అమ్మో! నీళ్ళా!" బ్యాండు మాస్టరు చెంబుకు అడ్డంపడ్డాడు. "చుక్క పడనివ్వకండి! ఇది నీళ్ళు తగిలితే రంగు కారుతుంది. వానలో ఒక్కసారి వాయించామంటే మా బనీన్లన్నీ గులాబీ రంగయ్యేవి. అందుకే ఏనాడూ ఉతకలేదు, దులపడమే."

అత్తయ్య ఎక్కడున్నది అక్కడే నిలబడిపోయింది. జిగురు పోవాలంటే ఉతకాలి. ఉతికితే ఎరుపు వచ్చి తెల్ల పట్టీలన్నీ ముంచేస్తుంది. ఉతకకపోతే ఆ మనిషి జన్మంతా చెక్క కప్పుకుని పడుకోవాలి.

"ఇవన్నీ తర్వాత. ముందు నా సంగతి?" అన్నాడు మావయ్య.

ఆయన సంగతి కత్తెర తేల్చింది. బ్యాండు మాస్టరు దుప్పటి అడ్డంపెట్టి పట్టుకుంటే, మావయ్య పాము కుబుసం విడిచినట్టు బనీనులోంచి, పైజామాలోంచి జారి బయటపడ్డాడు, తువ్వాలు చుట్టుకున్నాడు. అవి రెండూ మనిషి లేకుండా మోకాళ్ళు ముడుచుకుని గుడ్డ మీదే పడుకుని ఉన్నాయి. ఇక మీసం. అత్తయ్య దారాలు తెంచే చిన్న కత్తెర తెచ్చి ఆయన పక్కన పడుకుని, నాలుక కొసన పళ్ళు నొక్కిపెట్టి, ఒక్కొక్క వెంట్రుకా కత్తిరించింది.

"చూసి," అన్నాడు ఆయన.

"చూస్తున్నాను."

"రెండు వైపులా సమానంగా ఉండాలి."

"ఒక వైపే అతుక్కుంది."

అద్దంలో చూసుకున్నాక ఆయన తనే వెళ్ళి మిగతా సగం గీసుకుని వచ్చాడు. మూతి చిన్నపిల్లాడి మూతిలా ఉంది. అత్తయ్య ఆయన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, "బాగానే ఉన్నారు. పెళ్ళిచూపుల్లో ఇలాగే ఉండేవారు," అంది.

బ్యాండు మాస్టరు వెళ్తూ వెళ్తూ, తనకు ఏమీ తెలియనట్టే ఉంటానని మాటిచ్చాడు. "ఆదివారం ఆశ్చర్యపోతాను. చూడండి, ఇలా," అని గుమ్మంలో నిలబడి నోరు తెరిచి, కనుబొమలు నెత్తి మీదకు లేపి చూపించాడు.

"చెయ్యి గుండెల మీద పెట్టుకోండి, ఇంకా బావుంటుంది," అన్నాడు మావయ్య.

బనీనూ పైజామానూ ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే బ్లేడుతో గీరి తీసి, మళ్ళీ గీతలు గీసి పైగుడ్డ అతికించాడు మావయ్య. అత్తయ్య మూడు రోజులు మిషను ముందు కూర్చుని బొంత కుట్టింది గానీ మనసంతా ఆ రంగు మీదే ఉంది. ఎర్ర ముక్క ఒకటి గిన్నెలో వేసి చూసింది. నీళ్ళు ఒక్క నిమిషంలో ఎర్రబడ్డాయి. ఉప్పు వేసి చూసింది. కాస్త తగ్గింది గానీ ఆగలేదు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి ఆవిడ గిన్నె ముందు కూర్చుని ఉంది. అందులో ఒక ఎర్ర ముక్క, దాని చుట్టూ ఆరేడు తెల్ల పీలికలు.

"చూడవే. కారిన రంగు ఎటో ఒకటి పోయి పట్టుకోవాలిగా. ఒక్క తెల్లముక్క ఉంటే దాన్నే పట్టుకుంటుంది. చుట్టూ బోలెడన్ని తెల్లవి ఉంటే అందరికీ తలా కొంచెం పంచిపెడుతుంది."

"అంటే?"

"అంటే బొంత చుట్టూ దండిగా తెల్లబట్టలు పడెయ్యాలి. మంచివి, పాత నూలువి, బాగా పీల్చేవి." చెబుతూ చెబుతూ ఆవిడ కళ్ళు మావయ్య బీరువా వైపు తిరిగాయి.

మావయ్యకు పన్నెండు తెల్ల చొక్కాలు ఉన్నాయి. ఆయన బీరువాకు అడ్డంగా నిలబడ్డాడు.

"వీల్లేదు. ఇవి సర్వీసు చొక్కాలు."

"ఆ గుడ్డ మధ్యలోకి ఎవరు పాక్కుంటూ పోయారు?"

"అది వేరే సంగతి."

"చక్రంలా గియ్యమని ఎవరు చెప్పారు?"

ఆయన పక్కకు జరిగాడు. పదకొండు ఇచ్చాడు, ఒకటి ఒంటి మీదుంది. అత్తయ్య చెయ్యి చాచింది. అదీ విప్పి ఇచ్చాడు.

పెరట్లో పెద్ద తొట్టి నిండా చన్నీళ్ళు, దోసిళ్ళతో ఉప్పు. చొక్కాలన్నీ ముందు వేసి, మధ్యలో బొంత ముంచి, ముగ్గురం ఆరు చేతులతో కలియదిప్పాం. నీళ్ళు ముందు పాలలా అయ్యాయి, అది జిగురు. తర్వాత గులాబీ రంగు, తర్వాత ఎరుపు. "తియ్యి, తియ్యి, తియ్యి!" అని అత్తయ్య అరిచింది. లాగి, నీళ్ళు మార్చి, మళ్ళీ ముంచి, మళ్ళీ లాగాం. వాటితోపాటు వేసిన మావయ్య బనీనూ పైజామా కూడా జిగురు పోయి, చాలా రోజుల తర్వాత ఒళ్ళు విరుచుకున్నట్టు చేతులూ కాళ్ళూ చాపుకుని తేలాయి.

తీగ మీద ఆరేశాక చూస్తే తెల్ల పట్టీలకు కొద్దిగా సిగ్గుపడ్డట్టు ఒక చాయ తగిలింది, అంతే. ఎరుపు ఎరుపులాగే ఉంది. బొంత చేతుల్లో మెత్తగా ఒదిగింది. అత్తయ్య దాన్ని చెంపకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. ఎన్ని బొంతలు కుట్టినా ఆవిడ అలా చేయడం నేను చూడలేదు. పక్కనే పన్నెండు గులాబీ రంగు చొక్కాలు గాలికి ఊగుతున్నాయి.

ఆదివారం మైదానంలో బ్యాండు ఆఖరి పాట అయ్యాక ఆయన భార్య బొంత తెచ్చి చేతుల్లో పెట్టింది. బ్యాండు మాస్టరు నోరు తెరిచాడు. కనుబొమలు లేపాడు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఇదంతా కాగితం విప్పకముందే చేసేశాడు. మావయ్య మూతిదాకా తువ్వాలు కప్పుకుని నా పక్కన నిలబడి పళ్ళు నూరాడు, "తొందరపడ్డాడు, తొందరపడ్డాడు."

అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ అత్తయ్య దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. "ఈయనకు ముందే తెలుసు కదూ?"

"అయ్యో, మీకెలా తెలిసింది?"

"పెళ్ళయినప్పటినుంచి నేనేం ఇచ్చినా 'ఊ, బానే ఉంది' అనడం తప్ప ఇలా గుండె పట్టుకున్న మనిషి కాదండీ. డాక్టర్ని పిలుద్దామనుకున్నాను." కానీ కాగితం విప్పాక ఆయన ఆ గుర్రం కొరికిన ముక్క మీద చెయ్యి వేసి ఒకచోట కూర్చుండిపోయాడు. నటించడం మర్చిపోయాడు. అది ఆవిడా చూసింది.

ఆ తర్వాత మావయ్య వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు. తెల్ల చొక్కా లేదు, మీసం లేదు, ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు అనేవాడు. చివరికి పాలు నిండుకుని, అత్తయ్య చేతులు ఖాళీ లేక, గులాబీ చొక్కా వేసుకుని గొణుక్కుంటూ కొట్టుకు వెళ్ళాడు. వచ్చేటప్పుడు గొణుగుడు లేదు. అద్దం ముందు నిలబడి కాలరు సర్దుకున్నాడు.

"పైవాటా టీచరు ఎదురుపడి, పదేళ్ళు తగ్గారు సార్ అంది," అన్నాడు ఎటో చూస్తూ. "కొట్టాయన కూడా అన్నాడు. అయితే ఈ చొక్కా ఒక్కదానికే రంగు సమంగా పట్టింది. మిగతావి మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. వాటిక్కూడా కాస్త సరిగ్గా వేయించకూడదూ?"

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బ్యాండు మాస్టరు ఇంటికి వెళ్ళింది. ఇంకో పాత కోటేమైనా మిగిలిందేమోనని అడిగింది.

"కోట్లన్నీ మీ దగ్గరికే వచ్చాయమ్మా. పాత ప్యాంట్లున్నాయి. కానీ అవి నీలం," అన్నాడాయన.

అత్తయ్య చెయ్యి చాచింది.

"ఇవ్వండి," అంది.